సైకిలుకూ కారుకూ నడుమ పుట్టిన బండి
వందేళ్ల నాటి ‘సైకిల్‌కారు’ కథ - వెతికి తీసేవారికి దొరికిన కాగితాలు కొన్నే

పలాస: రైలు దిగి స్టేషను బయటకు వచ్చిన ప్రయాణికుడికి ముందుగా ఎదురయ్యేది ఆటో. కాశీబుగ్గ వెళ్లాలన్నా, మందసా వెళ్లాలన్నా అదే దిక్కు. ఉద్దానం తోటల నుంచి కొబ్బరికాయలు రోడ్డెక్కేదీ, జీడి పిక్కల బస్తాలు ఫ్యాక్టరీలకు చేరేదీ చాలావరకు మూడు చక్రాల బండి మీదనే. డయాలిసిస్ కోసం పల్లెల నుంచి వచ్చే కిడ్నీ రోగులు ఎందరో ఆటోలోనే వచ్చి, ఆటోలోనే ఇంటికి తిరిగి వెళతారు. కారు కొనే స్తోమత లేని ఊరికి ఈ చిన్న బండే కారు.

మోటారు సైకిలుకు ఎక్కువ, కారుకు తక్కువ అయిన ఈ బండ్లకు ఒక పూర్వీకుడు ఉన్నాడు. దాని పేరు సైకిల్‌కారు. 1910లో పుట్టి, పన్నెండేళ్ల పాటు ఐరోపాలో, అమెరికాలో సందడి చేసి, తరువాత మాయమైంది. 1911లో ఇటువంటి బండి తయారు చేసేవారు పట్టుమని పన్నెండు మంది లేరు. 1914 వచ్చేసరికి ఇంగ్లండులో, ఫ్రాన్సులో చెరొక వంద దాటారు. వారిలో అధిక సంఖ్యాకుల పేర్లు ఈనాడు ఎవరికీ గుర్తు లేవు.

ముందు సవారీ, వెనుక డ్రైవరు

ఆ రోజులలో కారు అంటే ధనవంతుల వాహనం. గుమస్తా, చిన్న వ్యాపారి, బడిపంతులు మహా అయితే మోటారు సైకిలు కొనగలిగేవారు. దాని మీద భార్యను ఎక్కించుకుని వానలో వెళ్లడం ఇబ్బంది. మోటారు సైకిలు ఇంజను తీసి, తేలికపాటి చెక్క చట్రానికి బిగించి, ఇద్దరు కూర్చునేటట్టు చేస్తే సరిపోదా అన్న ఆలోచన ఒకే ఏడాదిలో రెండు మూడు చోట్ల తలెత్తింది.

పారిస్ నగరంలో బూర్బో, దెవో అనే ఇద్దరు 1910లో ‘బెదెలియా’ అనే బండి తయారు చేశారు. పడవలాగా పొడవుగా, సన్నగా ఉండేది. ఇద్దరూ పక్కపక్కన కాక ఒకరి వెనుక ఒకరు కూర్చోవాలి. విచిత్రమేమిటంటే ప్రయాణికుడు ముందు, డ్రైవరు వెనుక. బండి గోతిలో పడితే ముందుగా పడేది సవారీ కూర్చున్నవాడే. ముందు ఇరుసు నడిమిన ఒక మొల, దానిని అటూ ఇటూ తిప్పడానికి తీగలు. మన పిల్లలు చెక్క ముక్కలతో చేసుకునే బండి గుర్తుకు తెచ్చుకుంటే చాలు. ఇంజను నుంచి వెనుక చక్రాలకు పొడవాటి బెల్టు. గేరు మార్చాలంటే డ్రైవరు వెనుక ఇరుసును కొద్దిగా జరిపి బెల్టును వదులు చేయాలి, ముందు కూర్చున్నవాడు ఆ బెల్టును మరో చక్రం మీదకు తోయాలి. ఇద్దరికీ పొత్తు కుదరకపోతే బండి నడవదు.

ఇంగ్లండులో గాడ్‌ఫ్రే, ఫ్రేజర్ నాష్ అనే మిత్రులు ఇద్దరు అదే 1910లో తమ పేర్ల మొదటి అక్షరాలతో జి.ఎన్. బండిని మొదలుపెట్టారు. మాల్వెర్న్ లింక్ అనే చిన్న ఊరిలో గ్యారేజీ నడిపే మోర్గాన్ అంతకు ముందు ఏడాదే తన కోసం మూడు చక్రాల బండి ఒకటి చేసుకున్నాడు. ముందు రెండు చక్రాలు, వెనుక ఒకటి. మన ఆటోకు సరిగా తిరగేసిన అమరిక. 1910 నవంబరులో లండను ప్రదర్శనలో దానిని చూపాడు. ఒకరే కూర్చునే బండికి గిరాకీ రాలేదు. మరుసటి ఏడాది ఇద్దరికి సీటు వేయగానే జనం ఎగబడ్డారు.

ఇన్ని రకాలు వచ్చాక, ఏది సైకిల్‌కారు, ఏది కాదు అన్న తగవు వచ్చింది. 1912 డిసెంబరు 14న వివిధ దేశాల మోటారు సైకిలు సంఘాల వారు కూర్చుని ఒక గీత గీశారు. పెద్ద తరగతిలో బరువు 350 కిలోలు, ఇంజను 1100 సి.సి. దాటకూడదు. చిన్న తరగతిలో బరువు 150 నుంచి 300 కిలోల లోపు, ఇంజను 750 సి.సి. లోపు. అయినా తగవు తీరలేదు. 1913 జులైలో ఫ్రాన్సులోని ఆమియాఁ పట్టణంలో జరిగిన పందెంలో మోర్గాన్ బండి ముందు వచ్చింది. మూడు చక్రాలది సైకిల్‌కారు కాదు, సైడ్‌కారు జాతి అని ఫ్రెంచి వారు అభ్యంతరం చెప్పి, గెలుపును తమ బెదెలియాకు ఇచ్చుకున్నారు.

గాడిలో పడని చక్రాలు

ఈ బండి పతనానికి కారణాలు చూస్తే ఉద్దానం ఇసుక బాటల మీద తిరిగేవారికి వెంటనే అర్థమవుతాయి.

అమెరికాలో 1913, 1914 సంవత్సరాలలో డజన్ల కొద్దీ కంపెనీలు సైకిల్‌కార్లు చేయబోయాయి. అక్కడి పల్లె రోడ్లన్నీ గుర్రపు బండ్లు నడిచి నడిచి గాళ్లు పడిన మట్టి బాటలు. ఆ గాళ్ల మధ్య ఎడం 56 అంగుళాలు. సైకిల్‌కారు చక్రాల ఎడం చాలా వాటిలో 36 అంగుళాలు మాత్రమే. ఒక చక్రం గాడిలో, మరొకటి మిట్ట మీద. నాటు బండి గాడిలో సైకిలు తొక్కినవాడికి ఆ బాధ చెప్పనక్కరలేదు. పట్నంలో బాగున్న బండి పల్లెకు పనికిరాలేదు.

రెండవ దెబ్బ ధర. ఫోర్డు మోడల్ టి కారు 1908లో 850 డాలర్లు. తయారీ పెరిగేకొద్దీ తగ్గుతూ 1916కు 360 డాలర్లకు దిగింది. ఇంచుమించు అదే డబ్బుకు నలుగురు కూర్చునే అసలు కారు వస్తూ ఉంటే, బెల్టు జారిపోయే చెక్క బండి ఎవరికి కావాలి?

ఇంగ్లండులో ఆ పని ఆస్టిన్ 7 చేసింది. 1922లో వచ్చిన ఈ చిట్టి కారు నమూనాలు గీసినవాడు స్టాన్లీ ఎడ్జ్ అనే 18 ఏళ్ల కుర్రవాడు. కంపెనీ పెద్దలు ఇష్టపడకపోవడంతో యజమాని హెర్బర్ట్ ఆస్టిన్ అతనిని తన ఇంటికే పిలిపించుకుని, బిలియర్డ్స్ ఆడే గదిలో కూర్చోబెట్టి గీయించాడు. నాలుగు సిలిండర్లు, నాలుగు చక్రాలకూ బ్రేకులు. ఇంతా చేసి బరువు సైకిల్‌కారు కంటే పెద్దగా ఎక్కువ లేదు. కొద్దికాలానికే ధర 165 పౌండ్లకు దిగింది. దానితో పాత సైకిల్‌కారు దుకాణాలు ఒక్కొక్కటీ మూతపడ్డాయి.

పన్ను సంగతీ ఉంది. ఫ్రాన్సు ప్రభుత్వం 1920లో 350 కిలోల లోపు, ఇద్దరు కూర్చునే బండికి ఏడాదికి వంద ఫ్రాంకుల పన్ను మాత్రమే నిర్ణయించింది. ఆ వెసులుబాటు నీడలో చాలా కంపెనీలు బతికాయి. ఒక కిలో ఎక్కువైతే కారు, ఒక కిలో తగ్గితే సైకిల్‌కారు. అందువల్ల తలుపులు పీకి, దీపాలు తీసి బండిని తూకం వేయించినవారూ ఉండే ఉంటారు. ఇసుక ట్రాక్టరు తూకాలు చూసినవారికి ఇది వింత కాదు.

మోర్గాన్ ఒక్కడే నిలిచాడు. ఆ కంపెనీ మూడు చక్రాల బండ్లు 1952 వరకు వరుసగా వచ్చాయి. 2011లో మళ్లీ మొదలయ్యాయి.

మన దేశంలో అదే కల

ఈ ఆలోచన మన దేశానికి వేరే దారిన వచ్చింది. ఇటలీ దేశపు పియాజియో కంపెనీ స్కూటరుకు వెనుక రెండు చక్రాలు వేసి 1948లో ‘ఆపే’ అనే బండి తెచ్చింది. ఆ మాటకు వారి భాషలో తేనెటీగ అని అర్థం. 1959లో బజాజ్ వారికి మూడు చక్రాల బండ్ల తయారీకి అనుమతి వచ్చింది. అక్కడి నుంచి ఆటో కథ అందరికీ తెలిసిందే.

సొంత కారు కావాలన్న కల మాత్రం అంత సులువుగా తీరలేదు. మహారాష్ట్రలోని ఇచల్‌కరంజిలో శంకర్‌రావు కులకర్ణి అనే ఆయన ‘మీరా’ అనే చిన్న కారు కోసం ఏళ్ల తరబడి పాటుపడ్డాడు. అది బజారుకు రానే లేదు. 1970లలో బెంగళూరులో ‘బాదల్’ అనే మూడు చక్రాల కారు తయారైంది. ఒళ్లంతా ఫైబర్ గ్లాసు. కొన్నేళ్లకే ఆగిపోయింది. వానలో ఒకే స్కూటరు మీద వెళ్తున్న కుటుంబాన్ని చూసి రతన్ టాటాకు తట్టిన నానో కారును 2008 జనవరి 10న ఢిల్లీలో చూపారు. లక్ష రూపాయల కారు అని దేశమంతా చెప్పుకున్నారు. 2018లో దాని తయారీ నిలిచిపోయింది. అదే 2018లో కేంద్ర ప్రభుత్వం ‘క్వాడ్రిసైకిల్’ అనే తరగతిని సొంత వాడకానికి అనుమతించింది. నాలుగు చక్రాలు, తక్కువ బరువు, చిన్న ఇంజను. 1912లో గీసిన గీతకు ఇది మనుమరాలు. బ్యాటరీ రిక్షాలకు 2014లో పెట్టిన గంటకు 25 కిలోమీటర్ల వేగ పరిమితి కూడా ఆ జాతి గీతే. ఏ బండి రోడ్డు మీద బతుకుతుందో, ఏది మూలకు చేరుతుందో ఇంజను ఎంత నిర్ణయిస్తుందో, ఇటువంటి గీతలూ అంతే నిర్ణయిస్తాయి.

చిత్తు కాగితాలే ఆధారం

సైకిల్‌కార్ల చరిత్ర వెతికేవారికి పెద్ద చిక్కు ఒకటి ఉంది. ఆ బండ్లు చేసినవారిలో చాలామంది సైకిలు షాపు వారు, కమ్మరి కొలిమి నడిపేవారు, గ్యారేజీ మెకానిక్కులు. ఐదో పదో బండ్లు చేసి అప్పుల పాలై తలుపులు వేశారు. లెక్కల పుస్తకాలు పొయ్యిలోకి పోయాయి.

పెద్ద సంస్థలకు ఆ బాధ లేదు. మన ప్రాంతంలోనే చూడవచ్చు. నౌపడా నుంచి టెక్కలి మీదుగా పర్లాకిమిడి వెళ్లిన చిన్న రైలు కూడా తేలికదనం మీద పుట్టినదే. దాని పేరే లైట్ రైల్వే. పట్టాల ఎడం రెండున్నర అడుగులు. పర్లాకిమిడి రాజావారు సుమారు ఏడు లక్షల రూపాయలు పెట్టి 1900లో నడిపించారు. తొలి ఏళ్లలో నష్టం వచ్చిందనీ, 1931 నాటికి గుణుపురం చేరిందనీ, 2004 జూన్‌లో చిన్న రైలు ఆగిందనీ, 2011 ఆగస్టులో పెద్ద పట్టాల మీద రైలు వచ్చిందనీ ఇప్పటికీ తేదీలతో సహా చెప్పగలుగుతున్నాం. రైల్వే వారు కాగితం పారేయరు గనుక. గ్యారేజీ వాడికి కాగితం దాచే అలమర ఎక్కడిది?

అందుచేత సైకిల్‌కార్ల చరిత్రకారులు అడ్డదారులు పట్టారు. మొదటి ఆధారం పాత పత్రికలు. లండనులో 1912 నవంబరు 27న ఈ బండ్ల కోసమే ‘ది సైకిల్‌కార్’ అనే వారపత్రిక మొదలైంది. అందులోని ప్రకటనలు, పాఠకుల ఫిర్యాదులు, ధరల పట్టికలు ఈనాడు నిధి. రెండవది పేటెంటు ఆఫీసు కాగితాలు. మూడవది రిజిస్ట్రేషను పుస్తకాలు. ఇంగ్లండులో 1904 నుంచి జిల్లా కౌన్సిళ్లు ప్రతి మోటారు బండి వివరాలు రాసి ఉంచేవి. 1970లలో కంప్యూటర్లు వచ్చాక చాలాచోట్ల ఆ పుస్తకాలను చెత్తలో పడేశారు. కొన్నింటిని అభిమానులు కాపాడి రికార్డు ఆఫీసులకు చేర్చారు. ఏ ఊరి పంతులు ఏ బండి కొన్నాడో అందులో ఉంది. ఇవన్నీ కూడగట్టి మైకేల్ వర్తింగ్టన్ విలియమ్స్ అనే రచయిత 1981లో సైకిల్‌కారు మొదలు మైక్రోకారు దాకా ఒక పుస్తకం వెలువరించాడు. పశువుల కొట్టంలో, గడ్డివాము కింద దొరికిన తుప్పు చట్రాన్ని ఫొటోలతో సరిపోల్చి, ఇది ఫలానా బండి అని తేల్చడం వారికి ఒక వ్యసనం.

ఛత్రపురం కాగితాలలో మన ఊళ్లు

టెక్కలి, పలాస, సోంపేట తాలూకా పల్లెలకు తొలి మోటారు ఎప్పుడు వచ్చిందో, ఎవరు తెచ్చారో తేల్చాలనుకునే విద్యార్థి ముందుగా ఒక విషయం తెలుసుకోవాలి. శ్రీకాకుళం జిల్లా పేరుతో వెతికితే ఏమీ దొరకదు. ఈ జిల్లా 1950 ఆగస్టు 15న ఏర్పడింది. సైకిల్‌కార్లు ఐరోపాలో తిరిగిన రోజులలో మన ప్రాంతం మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా. కలెక్టరు కొలువు ఛత్రపురంలో. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం అటు పోయింది, మన తాలూకాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. మన దేశంలో మోటారు బండి రిజిస్టరు చేయించాలన్న కేంద్ర చట్టం 1914లో వచ్చింది. కనుక తొలి బండ్ల జాడ గంజాం పేరిట ఉన్న కాగితాలలో వెతకాలి. మద్రాసు ప్రభుత్వపు పాత రికార్డులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

ఆఫీసు కాగితాల కంటే ముందు ఇంటి కాగితాలు చూడాలి. తాతల నాటి సైకిలు రసీదు, లారీ సర్వీసు టిక్కెట్టు, పెళ్లికి తెచ్చిన అద్దె కారు ముందు నిలబడి తీయించుకున్న ఫొటో, జమీందారీ ఠాణాలో పనిచేసినవారి పాత చిట్టాలు. ఫొటోలో పెళ్లికొడుకు వెనుక కనిపించే రేడియేటరును బట్టి కారు ఏ ఏడాదిదో చెప్పగల మెకానిక్కులు ఇంకా ఉన్నారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన తీరం దాటినప్పుడు ఇళ్ల కప్పులు లేచిపోయాయి. ట్రంకు పెట్టెలు తడిశాయి. వానకు పాడైన ఫొటోలను పాత సామాను వాడికి కిలోల లెక్కన వేసిన ఇళ్లూ ఉన్నాయి.

మిగిలిన వాటిని ఎండలో కాక నీడలో ఆరబెట్టి, వెనుక ఊరి పేరు, మనిషి పేరు, తెలిస్తే సంవత్సరం పెన్సిలుతో రాసి ఉంచితే చాలు. సిరా పెన్ను వద్దు, తడి తగిలితే కారిపోతుంది.