పాత వాన్ డోరు.. మళ్లీ పట్టాలెక్కిద్దామా?

డిగ్రీ పూర్తయింది. గ్రూప్స్ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలీదు. హైదరాబాద్ వెళ్లి కోచింగ్‌లో చేరాలా, ఊళ్లోనే ఉండి చదువుకోవాలా అన్నది ఇంకా తేలలేదు. ఈలోగా చేతిలో ఏదైనా పని ఉంటే బాగుండు అనిపిస్తోందా? అయితే ఒక పూట 44వ జాతీయ రహదారి పక్కన నిలబడి, వచ్చేపోయే బండ్ల చప్పుడు వినండి.

హైదరాబాద్ నుంచి కర్నూలు వైపు పోతుంటే జడ్చర్ల, అడ్డాకుల దాటాక వస్తుంది కొత్తకోట. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, 2016 అక్టోబరు నుంచి వనపర్తి జిల్లా. ఇలాంటి హైవే ఊళ్లలో బడి పిల్లలను, పెళ్లి సామానును, కూరగాయల గంపలను, మదనాపురంలోని వనపర్తి రోడ్ స్టేషన్‌లో రైలు దిగినవాళ్లను చేరవేయడానికి పాత వాన్లు కావాలి. ఆ వాన్లలో ఒకటి ఆగి, పక్క డోరు తెరిచినప్పుడు చెవి పెట్టండి. ముందు గర్రుమంటుంది. మధ్యలో ఎక్కడో పట్టేస్తుంది. మూసేటప్పుడు ధడేల్‌మంటుంది. ‘పాతదైంది గదా, గట్లనే ఉంటది’ అంటాడు డ్రైవర్.

అలా ఉండనక్కర్లేదు. పాతదైతే రంగు వెలుస్తుంది, సీటు చిరుగుతుంది. డోరు గర్రుమనడానికి మాత్రం ప్రతిసారీ ఒక ప్రత్యేక కారణం ఉంటుంది. దాన్ని పట్టుకోవడం నేర్చుకుంటే మీ చేతికి ఒక పని వచ్చినట్టే.

ఓమ్ని ఆగింది.. డోరు ఆగలేదు

మారుతి 800 కారు 1983 డిసెంబరులో వచ్చింది. మరుసటి ఏడాదే అదే కంపెనీ వాన్‌ను రోడ్డెక్కించింది. 1988లో దానికి ఓమ్ని అనే పేరు పెట్టారు. 796 సీసీ చిన్న ఇంజిన్, డబ్బాలాంటి బాడీ, రెండు పక్కలా జరిగే డోర్లు. దాదాపు 35 ఏళ్లు తయారై 2019లో ఆగింది. 2010లో వచ్చిన ఈకోకూ ఇవే జరిగే డోర్లు ఉన్నాయి, అది ఇప్పటికీ అమ్ముడవుతోంది. అంటే ఈ డోర్ల పని ఇప్పట్లో అయిపోయేది కాదు.

మన సినిమాల్లో కిడ్నాప్ అంటే ఓమ్ని ఉండాల్సిందే. బండి పూర్తిగా ఆగకముందే డోరు ఒక్క గుంజుడుకు తెరుచుకుంటుంది! ఆ రౌడీల దగ్గర మంచి మెకానిక్ ఉండి ఉంటాడని నాకెప్పుడూ అనిపిస్తుంది. బయట రోడ్ల మీద చాలా వాన్లకు ఆ భాగ్యం లేదు.

మూడు చోట్ల వేలాడే బరువు

మామూలు కారు డోరు కబ్జాల మీద తిరుగుతుంది. జరిగే డోరు అలా కాదు, మూడు రోలర్ల మీద నడుస్తుంది. ఒకటి పైన, కప్పు అంచున ఉన్న ట్రాక్‌లో. ఒకటి కింద, మెట్టు దగ్గర. మూడోది నడుము ఎత్తులో, వెనక బాడీ మీద పొడుగ్గా కనిపించే గాడిలో. డోరు తెరవగానే ముందు కొంచెం బయటికొచ్చి, తర్వాత వెనక్కి జరుగుతుంది కదా, ఆ వంపు ట్రాక్‌లలోనే ఉంటుంది. మూడు రోలర్లూ కలిసి ఆ వంపు తిరగాలి. ఏ ఒక్కటి అరిగినా మిగతా రెండింటి మీద భారం పడుతుంది. డోరు ఒక మూల కిందికి జారుతుంది.

ఏది అరిగిందో కనుక్కోవడానికి పానా అక్కర్లేదు. బండిని చదునైన నేల మీద ఆపించండి. డోరును సగం వరకు తెరవండి. వెనక అంచు పట్టుకుని మెల్లగా పైకెత్తండి, వదలండి. టక్‌టక్‌మని కదిలితే నడుము రోలర్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. ఇప్పుడు ముందు అంచును కింద పట్టుకుని ఎత్తండి. అక్కడ ఆట కనిపిస్తే కింది రోలర్, లేదా దాన్ని మోసే ఇనుప చెయ్యి. డోరు పైభాగాన్ని లోపలికి, బయటికి ఊపినప్పుడు గలగలమంటే పై రోలర్. చివరగా డోరు మూసి, చుట్టూ ఉన్న సందును చూడండి. పైన సన్నగా, కింద వెడల్పుగా ఉన్నా, ముందొకలా వెనకొకలా ఉన్నా డోరు వంగి కూర్చున్నట్టే.

ఇదంతా పది నిమిషాల పని. అసలు విద్య ఇక్కడే ఉంది. రోలర్ మార్చడం ఎవరైనా చూసి నేర్చుకుంటారు. మూడింట్లో ఏది మార్చాలో చెప్పగలిగినవాడి దగ్గరికే బండి మళ్లీ వస్తుంది.

గ్రీజు పూస్తే పోతుందా?

చాలామంది చేసే మొదటి పని, డబ్బాలోంచి ఇంత గ్రీజు తీసి కింది ట్రాక్ నిండా కూరడం. రెండ్రోజులు డోరు వెన్నలా జరుగుతుంది. తర్వాత? మనవి చెల్క నేలలు. ఎర్రదుమ్ము వచ్చి ఆ గ్రీజుకు అంటుకుంటుంది. ఇసుక, గ్రీజు కలిస్తే అది సానరాయి ముద్దతో సమానం. కొత్త రోలర్‌ను కూడా తినేస్తుంది.

ముందు శుభ్రం చేయాలి. కింది ట్రాక్‌లోంచి ఏమేం వస్తాయో చూస్తే నవ్వొస్తుంది. పల్లి పొట్టు, చాక్లెట్ కాగితాలు, పెన్సిల్ ముక్కలు, గులకరాళ్లు. పాత టూత్‌బ్రష్‌తో గీకి, బనియన్ గుడ్డతో తుడవాలి. మొండి జిడ్డుకు గుడ్డను కొంచెం డీజిల్‌తో తడిపితే చాలు, రబ్బరు బీడింగ్‌కు మాత్రం తగలనివ్వకండి. ఆరాక రోలర్ బేరింగులకు, తిరిగే కీళ్లకు తెల్ల లిథియం గ్రీజు పలచగా పెట్టండి. రబ్బరుకు సిలికాన్ స్ప్రే వాడండి. ట్రాక్‌ను వీలైనంత పొడిగా ఉంచండి. డోరు అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటాయి, వాటిని పుల్లతో పొడిచి తెరవండి. అవి మూసుకుపోతే వాననీళ్లు లోపలే నిలిచి, రేకు లోపల్నుంచి తుప్పు పట్టుకుంటూ వస్తుంది. బయట బుడగలు కనిపించేసరికి ఆలస్యమైపోతుంది, బండిని టింకరింగ్ షాపుకు పంపాల్సిందే.

ఒక టక్ కాదు, రెండు

డోరు అంచులోని లాచ్ వెళ్లి బాడీకి బిగించిన స్ట్రైకర్‌ను పట్టుకుంటుంది. ఈ పట్టు రెండు మెట్లలో పడుతుంది. మొదటి టక్‌కు సగం పట్టు, రెండో టక్‌కు పూర్తి పట్టు. సగం పట్టులో ఉన్న డోరు బయటి నుంచి మూసినట్టే కనిపిస్తుంది. లోపల ఆ డోరుకు ఆనుకుని రెండో తరగతి పిల్ల కూర్చుని ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ మీద బండి ఎగిరిందనుకోండి..

అందుకే ‘గట్టిగ కొడితే పడ్తది’ అన్న మాటను ఎప్పుడూ నమ్మకండి. గట్టిగా కొట్టాల్సి వస్తోందంటే లాచ్ ఎండిపోయి ఉండాలి, లేదా స్ట్రైకర్ పక్కకు జరిగి ఉండాలి, లేదా రోలర్ అరిగి డోరే కిందికి జారి ఉండాలి. స్ట్రైకర్ మీద రంగు ఎక్కడ గీసుకుపోయిందో చూడండి. పై అంచున మెరుపుంటే అసలు దోషం ఎక్కడుందో మీకు అర్థమవుతుంది.

ఇక్కడొక దొంగదారి ఉంది. రోలర్ మార్చకుండా స్ట్రైకర్‌నే కొంచెం కిందికి జరిపేయడం. డోరు పడుతుంది, ఓనర్ సంతోషిస్తాడు, డబ్బులిస్తాడు. రోలర్ మాత్రం అరుగుతూనే ఉంటుంది. కొన్నాళ్లకు డోరు ఇంకా జారి, ఈసారి సగం పట్టులోనే ఆగుతుంది. కాబట్టి ముందు రోలర్ సంగతి చూసి, ఆ తర్వాతే స్ట్రైకర్ మీద చెయ్యి వేయండి. దాన్నైనా స్క్రూలు కొంచెం వదులు చేసి, వెంట్రుకవాసి జరిపి, బిగించి, మళ్లీ మూసి చూడాలి. పని అయ్యాక లోపలి హ్యాండిల్‌తో, బయటి హ్యాండిల్‌తో పదిసార్లు చొప్పున తెరిచి మూయండి. చైల్డ్ లాక్ ఉంటే అదీ పరీక్షించండి. తెరిచిన డోరు వాలులో దానంతటదే జారి రాకుండా ఆపే కొక్కెం పనిచేస్తోందా? అది లేకపోతే నలిగేది పిల్లల వేళ్లే.

డోరును పూర్తిగా దించాల్సి వస్తే ఒక్కరే దిగొద్దు, బరువుంటుంది. బోల్టులు విప్పేముందు వాటి చుట్టూ మార్కర్‌తో గీత గీయండి, సందుల్లో పెట్టిన పలచని బిళ్లలను లెక్కపెట్టి ఉంచుకోండి, బిగించేటప్పుడు అవే దారి చూపిస్తాయి. వెల్డింగ్ అవసరమైతే బ్యాటరీ తీగ తీసేయాలి. ఓమ్నిల్లో ఎల్పీజీతో నడిచేవి కూడా ఉన్నాయి. గ్యాస్ ట్యాంకు ఉన్న బండి దగ్గర అనుభవజ్ఞుడు లేకుండా నిప్పు ముట్టించొద్దు.

ఎక్కడ నేర్చుకోవాలి?

పదో తరగతి అర్హతతో ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ ఉంది, రెండేళ్లు. బాడీ పని మీద ఆసక్తి ఉంటే మెకానిక్ ఆటో బాడీ రిపేర్, ఏడాది. రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది, మీకు దగ్గరి కేంద్రంలో ఏ ట్రేడ్‌లు ఉన్నాయో వెళ్లి అడగండి. డిప్లొమా చేయాలనుకునేవారికి వనపర్తిలో ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది, అదీ సంస్థానం కాలపు రాజభవనంలో.

‘నేను బీకాం కదా, పానా పట్టుకోవాలా?’ అంటారా? పట్టుకోకపోయినా దారులున్నాయి. షోరూముల సర్వీస్ సెంటర్లలో సర్వీస్ అడ్వైజర్, స్పేర్ పార్ట్స్ కౌంటర్ ఉద్యోగాలుంటాయి. అక్కడ జాబ్ కార్డు రాయడం ముఖ్యం. కస్టమర్ చెప్పింది ఏమిటి, మనం చూసింది ఏమిటి, కారణం ఏమిటి, ఏం చేశాం. ‘డోరు సరిగా పడట్లేదు’ అని రాసేవాడికీ, ‘ఎడమ డోరు వెనక అంచు జారింది, నడుము రోలర్ అరిగింది’ అని రాసేవాడికీ తేడా ఇంటర్వ్యూలోనే తెలిసిపోతుంది. చదువు పూర్తయినవారు 1961 అప్రెంటిస్‌షిప్ చట్టం కింద స్టైపెండ్‌తో శిక్షణ పొందొచ్చు. అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోండి. సొంత షెడ్డు ఆలోచన ఉంటే ముద్ర పథకంలోని శిశు విభాగం కింద రూ.50 వేల వరకు పూచీకత్తు లేకుండా రుణానికి దరఖాస్తు చేసుకోవచ్చు. కానీ తొలిరోజే అప్పు చేయొద్దు. ముందు ఎవరి షెడ్డులోనైనా ఆరు నెలలు చేతులకు నల్లమసి అంటనివ్వండి.

ఈ పనికి సీజన్ కూడా ఉంది. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. మన దగ్గర బడులు సాధారణంగా జూన్ 12న తెరుచుకుంటాయి. అంటే మే నెలంతా బడి వాన్లు షెడ్ల ముందు బారులు తీరతాయి. ‘తమ్మీ, జర డోరు జూడవా’ అని అడిగేది అప్పుడే. పరీక్షలు అయ్యాక మే మొదటివారంలో షెడ్డుకు వెళ్లి పనికొస్తానంటే వద్దనేవాళ్లు తక్కువ.

ఈ ఆదివారం మీ వీధిలో ఎవరి దగ్గరైనా పాత వాన్ ఉంటే అడగండి. డోరు సగం తెరిచి, వెనక అంచు పట్టుకుని ఎత్తి చూడండి. ఎంత కదిలిందో, ఏ వైపు చప్పుడొచ్చిందో ఒక నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకోండి.