కారుకు మెరుగుపెట్టు యంత్రము: ఏది కొనవలెను?

మన అగ్రహారములోను, యానాము తక్కిన వీధులలోను చదువు ముగించి కార్లను కడిగి మెరుగుపెట్టు పనిలో కుదురుకొనగోరు పిల్లలు కొందఱు కలరు. వారు ఇంటివద్ద మొదట అడుగునది యంత్రమునకు సొమ్ము. తండ్రులు “ఏది చవుక?” అందురు, పిల్లలు “ఏది వేగముగా తిరుగును?” అందురు. కాని ముందుగా అడుగవలసినది వేరు: చేయి తప్పినపుడు ఏది తక్కువ చెఱుపు చేయును?

నేటి కారు రేకుపై అడుగుపూత, రంగుపూత, ఆపైన క్లియర్‌కోటు అను రంగులేని పూత ఉండును. అన్నియు కలిసి సాధారణముగా 100 మొదలు 150 మైక్రానులు. మిల్లీమీటరులో వేయవవంతు ఒక మైక్రాను. పైపూత 40, 50 మైక్రానులకు మించదు, అనగా తలవెండ్రుక కంటె పలుచన. మన పనివారు రబ్బింగు అనునది గీతను పూడ్చుట కాదు. గీత అడుగు వఱకు చుట్టునున్న పైపూతను అరగదీయుట. ఎండను ఓర్చునదియు ఆ పూతయే. పోయినది మరల రాదు.

యంత్రములలో మొదటిది రోటరీ. దీని ప్యాడు ఒకే ఇరుసుపై నిమిషమునకు సుమారు 600 మొదలు 3,000 చుట్లు తిరుగును, నొక్కినను ఆగదు. లోతైన గీతలను త్వరగా తీయును గనుక చేయి తిరిగినవారికి ప్రీతిపాత్రము. కాని వేడి ఒకేచోట చేరును. తలుపు అంచులయందును, బానెట్టు మడతలయందును పూత పలుచన. ప్లాస్టిక్ బంపరు రేకువలె వేడిని పంచుకొనదు. అచ్చట చేయి కొంచెము నిలిచినను అడుగుపూత బయటపడవచ్చును. నీడలో అద్దమువలె నున్న నల్లకారు ఎండలోనికి రాగానే సుడులు సుడులుగా కనబడుటయు తఱచుగా దీని పనియే.

రెండవది డ్యూయల్ యాక్షన్. భ్రమణము, పరిభ్రమణము అని భూగోళపాఠమున చెప్పుదుము గదా. మీ పిల్లలనడిగినను చెప్పగలరు. భూమివలెనే దీని ప్యాడు తనచుట్టు తాను తిరుగుచు, ఒక చిన్న వలయములోను తిరుగును. ఆ వలయపు వెడల్పు 8, 15, 21 మిల్లీమీటర్లుగా దొరకును. అధికముగా నొక్కినచో భ్రమణము ఆగిపోవును. కొందఱు దీనిని లోపమందురు; నేర్చుకొనువానికి ఇంతకు మించిన రక్ష లేదని నా అభిప్రాయము. 21 విశాలమైన పైకప్పులకు బాగు గాని వంపులపై తడబడును. 15తో మొదలిడుట మేలు.

ఫోర్స్‌డ్ రొటేషన్ అనునది ఈ రెంటికి నడిమిది. పండ్లచక్రముల బిగింపు ఉండుటచే నొక్కినను ఆగదు. సుడులు తక్కువ, వెలయు అదురును ఎక్కువ. పని చేజిక్కిన పిదప చూచుకొనవచ్చును.

ఇనుము కోయు గ్రైండరుకు ప్యాడు తగిలించి వాడువారును కలరు. చిన్న గ్రైండరు నిమిషమునకు 10,000 చుట్లకు పైగా తిరుగును. పూత సంగతి అటుండనిండు, ప్యాడు చినిగి కంటికి తగులవచ్చును. దానికి మాత్రము డబ్బీయవలదు.

ప్యాడులలో ఊలుది ఎక్కువ అరగదీయును, స్పాంజిది తక్కువ. స్పాంజితోనే ఆరంభింపవలెను. బండిని ముందు బాగుగా కడిగి, నీడలో చల్లారనీయవలెను. గోదావరి ఇసుకరేణువు ప్యాడుక్రింద చిక్కినచో గీత తీయు యంత్రమే గీత గీయును. మొదటి దినములలో పరుల కారు ముట్టనీయక, పాత ఇనుపకొట్టునుండి ఒక బానెట్టు తెచ్చి ఇండు. అడుగుపూత బయటపడువఱకు దానిని అరగదీయనిండు. ఎచ్చట ఎంతసేపటికి పూత పోవునో పిల్లవాని చేతికి తెలియును.