గల్లాలో రోజుకు రూ.6 వేలు.. ఇంటికి రూ.500 కూడా రావట్లేదా? పాన్ డబ్బా అసలు లెక్క ఇదీ!

నిజామాబాద్ బస్టాండ్ ముందు, ఖలీల్‌వాడి దవాఖానల దగ్గర, బోధన్‌లో శక్కర్‌నగర్ దారిలో.. ఎటు చూసినా పాన్ డబ్బా కనిపిస్తుంది. పొద్దున 6 గంటలకు తెరిస్తే రాత్రి 10 దాకా గిరాకీ. చేతిలో నోట్లు తిరుగుతూనే ఉంటాయి, ఫోన్‌పే డబ్బా మోగుతూనే ఉంటుంది. కానీ నెలాఖరుకు పిల్లల ఫీజు కట్టాలంటే మళ్లీ గిరిగిరి ఫైనాన్స్ వాళ్లకే ఫోన్ చేయాలి. ఇంత అమ్మకం ఉండి కూడా డబ్బులు ఎందుకు మిగలట్లేదు? ఒకసారి లెక్క వేసి చూద్దాం.

సిగరెట్ జనాన్ని తెస్తుంది.. డబ్బు కాదు

ఒక మామూలు డబ్బాలో రోజుకు రూ.6,000 అమ్మకం జరుగుతుందనుకుందాం. కింది అంకెలు లెక్క అర్థం కావడానికి మాత్రమే. మీ హోల్‌సేల్ బిల్లులు చూసుకుని మీ అంకెలు పెట్టుకోండి.

- సిగరెట్లు: అమ్మకం రూ.4,000, నూటికి 6 రూపాయల మిగులు. వచ్చేది రూ.240
- బీడీలు, అగ్గిపెట్టెలు: అమ్మకం రూ.600, నూటికి 10. వచ్చేది రూ.60
- వాటర్ బాటిల్, కూల్‌డ్రింక్, బిస్కెట్లు: అమ్మకం రూ.900, నూటికి 12. వచ్చేది రూ.108
- పాన్‌లు: అమ్మకం రూ.500, నూటికి 50. వచ్చేది రూ.250

మొత్తం రూ.658. ఇందులో కిరాయి రోజుకు రూ.100, కరెంటు రూ.30, పాడైపోయిన ఆకులు, కవర్లు రూ.30 తీసేయండి. మిగిలింది రూ.498. పదహారు గంటలు నిలబడితే గంటకు సుమారు 31 రూపాయలు పడ్డట్టు.

ఇప్పుడు మళ్లీ ఆ జాబితా చూడండి. నాలుగు వేల సిగరెట్ల మీద వచ్చింది రూ.240. ఐదొందల పాన్‌ల మీద వచ్చింది రూ.250! సిగరెట్ ధర కంపెనీ చేతిలో ఉంటుంది, మార్జిన్ కూడా కంపెనీయే నిర్ణయిస్తుంది. పాన్ మాత్రం మీ చేత్తో కట్టేది. దానికి ధర పెట్టేది మీరే.

అమ్మకం తగ్గినా లాభం పెరగొచ్చా?

పెరగొచ్చు. సిగరెట్ల అమ్మకం వెయ్యి రూపాయలు తగ్గిందనుకోండి. పోయేది రూ.60. అదే సమయంలో పాన్‌ల అమ్మకం 500 నుంచి 800కి పెరిగితే అదనంగా వచ్చేది రూ.150. మొత్తం అమ్మకం రూ.5,300కి పడిపోయింది, కానీ జేబులోకి వచ్చేది రూ.90 పెరిగింది. నెలకు రూ.2,700. అందుకే రాత్రి గల్లా లెక్కపెట్టి "ఇయ్యాల గిరాకీ బాగైంది" అనుకుంటే సరిపోదు. ఏ సరుకు మీద ఎంత మిగిలిందో చూడాలి.

ఇది ఇప్పుడే ఎందుకు చూసుకోవాలంటే.. 2026 ఫిబ్రవరి 1 నుంచి సిగరెట్లపై జీఎస్టీ 40 శాతం అయింది. దాని మీద సిగరెట్ పొడవును బట్టి ప్రతి వెయ్యికి రూ.2,050 నుంచి రూ.8,500 వరకు ఎక్సైజ్ సుంకం కూడా ఉంది. బీడీలపై జీఎస్టీ 18 శాతం. ధర పెరిగితే అవే ప్యాకెట్లు షాపులో పెట్టడానికి ఎక్కువ పెట్టుబడి కావాలి. కొనే మనిషి రోజుకు ఐదు తాగేవాడు మూడుకు తగ్గిస్తాడు. వాడి ఊపిరితిత్తులకు అది మంచిదే. కానీ సిగరెట్ల మీదే బతికే డబ్బాకు దెబ్బ.

బోధన్ నేర్పిన పాఠం

గిరాకీ ఒక్క దానిమీదే ఆధారపడితే ఏమవుతుందో బోధన్ వాళ్లకు చెప్పక్కర్లేదు. 1937లో ఏర్పాటైన నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. షిఫ్టు మారేటప్పుడు బయటకు వచ్చే కార్మికులు, క్రషింగ్ సీజన్‌లో చెరకు బండ్లతో వచ్చే రైతులు.. ఆ జనం మీద బతికే హోటళ్లు, డబ్బాలు ఒక్కసారిగా చల్లబడ్డాయి.

కాబట్టి మీ ముందు నుంచి పోయేది ఎవరో చూడండి. నిజామాబాద్ మార్కెట్ యార్డు దగ్గరైతే పసుపు సీజన్‌లో రైతులు, హమాలీలు ఉంటారు. వాళ్లకు పొద్దున్నే చాయ్, నీళ్లు కావాలి. ఖలీల్‌వాడిలో పేషెంట్ల వెంట వచ్చినవాళ్లకు బిస్కెట్లు, పాల ప్యాకెట్లు, చిన్న సబ్బులు కావాలి. రాత్రి బిర్యానీ హోటళ్ల పక్కనైతే మీఠా పాన్ నడుస్తుంది. పెళ్లిళ్ల సీజన్‌లో ఒక ఫంక్షన్ హాల్ ఆర్డర్ దొరికితే 200 పాన్‌లు ఒకేసారి పోతాయి. అడ్వాన్స్ తీసుకునే ఆకు తేవాలి.

ఒక మాట మాత్రం గుర్తుంచుకోవాలి. జర్దా లేకపోతే పాన్ మంచిదే అనుకుంటారు చాలామంది. పోకచెక్క కూడా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. గుల్కంద్, సోంపు, కొబ్బరితో పోక లేకుండా కట్టే పాన్ ఒకటి మీ దగ్గర ఉండాలి. ఆడవాళ్లు, పెద్దవాళ్లు కూడా అడిగి తీసుకుంటారు.

లాభాన్ని తినేసేవి రెండు: ఉద్దెర, గిరిగిరి

రూ.100 సిగరెట్లు ఉద్దెర పెట్టి ఒకడు కనిపించకుండా పోయాడనుకోండి. మీరు పోగొట్టుకుంది 6 రూపాయల లాభం కాదు, రూ.94 సరుకు ఖర్చు. అది మళ్లీ సంపాదించాలంటే దాదాపు రూ.1,570 సిగరెట్లు అమ్మాలి! అందుకే ఉద్దెర తప్పనిసరైతే మనిషికి ఇంత అని హద్దు పెట్టండి. సిగరెట్లకైతే అసలే వద్దు.

ఇక గిరిగిరి. చేతికి రూ.9,000 ఇచ్చి, రోజుకు వంద చొప్పున 100 రోజులు కట్టమంటారనుకోండి. వెయ్యి రూపాయలేగా అనిపిస్తుంది. కానీ మీరు రోజూ తిరిగి కడుతూనే ఉంటారు కాబట్టి సగటున మీ దగ్గర ఉండేది రూ.4,500 మాత్రమే. ఆ లెక్కన ఏడాదికి వడ్డీ సుమారు 80 శాతం. నూటికి 6 మిగిలే సరుకును ఆ అప్పుతో తెస్తే ఏం మిగులుతుంది?

దీనికి బదులు పీఎం స్వనిధి పథకం ఉంది. వీధి వ్యాపారుల కోసం పెట్టిన ఈ పథకంలో పాన్ షాపులు కూడా వస్తాయి. మొదటి విడత రూ.15 వేలు, సకాలంలో కడితే తర్వాత రూ.25 వేలు, ఆపై రూ.50 వేలు. టైముకు కట్టినవాళ్లకు వడ్డీలో 7 శాతం సబ్సిడీ. పథకాన్ని 2030 మార్చి 31 వరకు పొడిగించారు. వెండింగ్ సర్టిఫికెట్ లేదా మున్సిపాలిటీ సిఫారసు లేఖ కావాలి. నిజామాబాద్ వాళ్లు కార్పొరేషన్‌లో, బోధన్ వాళ్లు మున్సిపాలిటీలో అడగాలి.

రూ.20 లక్షల గీత

జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కు చూసేది లాభం కాదు, మొత్తం అమ్మకం. తెలంగాణలో సరుకులు అమ్మేవాళ్లకు ఆ పరిమితి ఏడాదికి రూ.20 లక్షలు. రోజుకు రూ.6,000 చొప్పున 365 రోజులు అమ్మితే రూ.21.9 లక్షలు. అంటే ఇంటికి ఐదొందలు తీసుకెళ్లే డబ్బా కూడా గీత దాటేసింది! 2025 జులైలో కర్ణాటకలో యూపీఐ లెక్కలు చూసి చిన్న వ్యాపారులకు పన్ను నోటీసులు పంపిన సంగతి గుర్తుండే ఉంటుంది. యూపీఐ తీసేయడం దీనికి పరిష్కారం కాదు. నెల నెలా అమ్మకం రాసుకోండి, గీత దగ్గర పడితే అకౌంటెంట్‌ని కలవండి. ఒక శాతం కట్టే కంపోజిషన్ స్కీమ్ మేలా, మామూలు రిజిస్ట్రేషన్ మేలా అన్నది ఆయన లెక్కగట్టి చెప్తారు.

ఈ 'లాభాల' జోలికి పోవద్దు

మార్జిన్ ఎక్కువని కొందరు అడ్డదారి చూపిస్తారు. ఒక్క కేసు పడితే ఏడాది సంపాదన పోతుంది.

- ఈ-సిగరెట్లు, వేప్‌లు: 2019 చట్టం ప్రకారం అమ్మకం నిషేధం. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లేదా రూ.లక్ష వరకు జరిమానా, లేదా రెండూ.
- గుట్కా: 2024 మేలో తెలంగాణ ప్రభుత్వం ఏడాది పాటు నిషేధిస్తూ ఉత్తర్వులు ఇచ్చింది. ఇలాంటి ఉత్తర్వులు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. ఎవరో తెచ్చి ఇస్తే తీసుకోవద్దు.
- 18 ఏళ్ల లోపు వాళ్లకు అమ్మడం: పొగాకు చట్టంలో జరిమానా రూ.200 వరకే కదా అని తేలిగ్గా తీసుకుంటారు. కానీ జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు, రూ.లక్ష వరకు జరిమానా పడొచ్చు. "మా నాన్న తెమ్మన్నాడు" అని పిల్లవాడు వచ్చినా ఇవ్వొద్దు.
- స్కూలు, కాలేజీలకు 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదు. అక్కడ డబ్బా ఉంటే జ్యూస్, స్టేషనరీ వైపు మారడమే దారి.
- ప్యాకెట్ మీద ఉన్న ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవడం కూడా నేరమే. ధరలు పెరిగినప్పుడు పాత స్టాక్ పాత ధరకే అమ్మాలి.

రేపటి నుంచి ఏం చేయాలి?

వంద పేజీల నోటుబుక్ ఒకటి కొనండి. నాలుగు గీతలు గీసి సిగరెట్లు, బీడీలు, ప్యాకెట్ సరుకు, పాన్ వేర్వేరుగా రాయండి. ఇంటి ఖర్చుకు గల్లాలోంచి తీసిన ప్రతి పది రూపాయలూ రాయండి. పారేసిన ఆకులు కూడా రాయండి. నెల రోజులు ఇలా చేస్తే మీ డబ్బాను నడిపిస్తున్నది ఏ సరుకో, మీ చేత ఊరికే చాకిరీ చేయిస్తున్నది ఏ సరుకో మీకే తెలుస్తుంది. ముందు వరుసలో, చేతికందే చోట ఏది పెట్టాలో అప్పుడు ఎవరినీ అడగక్కర్లేదు.