మూడు పేర్లు, ఒకే రేవు

ఏడ్రియాటిక్ సముద్రము ఉత్తరమున ముగియు చోట, సున్నపురాతి కొండలకును కడలికిని నడుమ, ట్రియెస్టే యను రేవుపట్టణము కలదు. పట్టణపు నడిబొడ్డున ఒక విశాల ప్రాంగణమున్నది. దానికి మూడు ప్రక్కల గొప్ప భవనములు. నాలుగవ ప్రక్క సముద్రమే. ఆ భవనములలో నొకటి 1883లో పూర్తియైనది. వియన్నా వాస్తుశిల్పి హైన్రిఖ్ ఫాన్ ఫెర్‌స్టెల్ దానిని ఒక నౌకా సంస్థ కొరకు నిర్మించెను. నేడది ప్రాంతీయ ప్రభుత్వపు నెలవు. ఆ సంస్థ మూడు పేర్లతో దాదాపు రెండు శతాబ్దులుగా బ్రతుకుచున్నది. దాని ఓడలోనే గాంధీమహాత్ముడు రౌండు టేబిలు సమావేశమునుండి స్వదేశమునకు మరలెను. దాని ఓడలలోనే వేలకొలది కాందిశీకులు ప్రాణములు దక్కించుకొనిరి.

కాఫీ అంగడి పేరు

పదునేడవ శతాబ్ది చివర లండను నగరమున ఎడ్వర్డ్ లాయిడ్ అను నతడు కాఫీ అంగడి నడుపుచుండెను. నావికులు, వర్తకులు, బీమా వ్యాపారులు అచట గుమిగూడి ఏ ఓడ ఎచట నున్నదో, ఏది మునిగినదో చెప్పుకొనెడివారు. క్రమముగా ‘లాయిడ్’ అను పేరు నమ్మదగిన ఓడవార్తకు గుర్తయినది. ఆ పేరునే 1833లో ట్రియెస్టే నగరపు బీమా సంస్థలు కలసి స్థాపించిన సంఘమునకు పెట్టుకొనిరి. అప్పటికి ట్రియెస్టే ఆస్ట్రియా సామ్రాజ్యమునకు సముద్రద్వారము. కనుక అది ‘ఆస్ట్రియన్ లాయిడ్’ అయ్యెను.

వార్తలు సేకరించుటతో ఆగక ఆ సంఘము 1836లో సొంత ఓడలు నడుపు శాఖను తెరచెను. కార్ల్ లుడ్విగ్ ఫాన్ బ్రుక్ దీనికి ప్రధాన ప్రోత్సాహకుడు. తరువాతి కాలమున ఆయన ఆస్ట్రియా ఆర్థికమంత్రియు నయ్యెను. 1837లో ‘ఆర్చిడూకా లోడోవికో’ అను పొగయోడ ట్రియెస్టేనుండి కాన్‌స్టాంటినోపిలునకు బయలుదేరినది. గాలికొరకు ఎదురు చూడక, నిర్ణీత దినమున టపాతోను ప్రయాణికులతోను కదలు ఓడ ఆనాటివారికి వింతయే.

1869లో సూయజు కాలువ తెరవబడినది. ట్రియెస్టే వర్తకుడు పాస్క్వాలె రెవోల్టెల్లా ఆ కాలువ సంస్థకు ఉపాధ్యక్షుడు. కాలువకై ఎంతో పాటుపడిన ఆయన, అది తెరచుకొనుటకు రెండు మాసములు ముందే కన్నుమూసెను. ఆయన చూడలేని దారిన లాయిడ్ ఓడలు బొంబాయికి, కలకత్తాకు, హాంకాంగునకు సాగినవి. ఆఫ్రికా ఖండమును చుట్టి రావలసిన పని తప్పినది.

జెండా మారుట

1914 ఆగస్టు 13న ఈ సంస్థవారి ‘బారన్ గౌట్ష్’ ఓడ ఏడ్రియాటిక్ తీరమున ప్రయాణికులతో వచ్చుచుండెను. యుద్ధము మొదలై కొలది దినములే అయినది. తీరరక్షణకై స్వదేశ నౌకాదళమే నీటిలో అమర్చిన మందుపాతరలు తగిలి ఓడ మునిగినది. 147 మంది మరణించిరి. నాలుగేండ్లకు సామ్రాజ్యమే కూలినది. ట్రియెస్టే ఇటలీ వశమైనది. 1919లో సంస్థ పేరు ‘లాయిడ్ ట్రియెస్టినో’గా మారినది. ఓడలపై జెండా మారినను రేవులు మారలేదు.

ఈ రెండవ పేరుతోనే మనదేశపు చరిత్ర ముడిపడినది. బొంబాయినుండి ఐరోపాకు పోవు బ్రిటిషు ఓడలుండగా, ఇటలీ ఓడ నెక్కినవారు బ్రిండిసిలోనో వెనిస్‌లోనో జెనోవాలోనో దిగి, రైలున మధ్య ఐరోపా చేరవచ్చును. రెండవ రౌండు టేబిలు సమావేశమునకు గాంధీజీ బ్రిటిషు ఓడలో వెళ్లెను. మరలి వచ్చునపుడు రోము చూచి, 1931 డిసెంబరు 14న బ్రిండిసిలో లాయిడ్ ట్రియెస్టినో వారి ‘పిల్స్నా’ ఓడ నెక్కెను. డిసెంబరు 28న బొంబాయిలో దిగెను. వారము గడచుసరికి, 1932 జనవరి 4న, ప్రభుత్వము ఆయనను నిర్బంధించినది. చెరలో జబ్బుపడిన సుభాస్ చంద్రబోసు 1933 ఫిబ్రవరిలో చికిత్సకై ‘గాంజే’ ఓడలో ఐరోపాకు వెళ్లెను. ‘గాంజే’ యనగా ఇటాలియను భాషలో మన గంగయే. 1936 ఏప్రిలులో ‘కోంతె వెర్దె’ ఓడలో తిరిగివచ్చిన ఆయనను బొంబాయి రేవులోనే పోలీసులు పట్టుకొనిరి.

షాంఘై దారి

‘కోంతె వెర్దె’, ‘కోంతె రోస్సో’, ‘కోంతె బియాంకమానో’, వేగమునకు పేరొందిన ‘విక్టోరియా’ – ఇవి ఆనాటి తూర్పుదారి ఓడలలో ముఖ్యమైనవి. విలాసయాత్రికులకై అలంకరింపబడిన ఈ ఓడలకు 1938లో వేరొక పని పడినది.

ఆ సంవత్సరము మార్చిలో హిట్లరు ఆస్ట్రియాను ఆక్రమించెను. యూదుల బ్రతుకు దుర్భరమయ్యెను. దేశము విడిచిపోదమన్నచో తీసికొనువారు లేరు. జూలైలో ఫ్రాన్సునందలి ఎవియాన్‌లో 32 దేశముల ప్రతినిధులు సమావేశమై సానుభూతి ప్రకటించిరి గాని, మిక్కిలి కొలదిమంది తప్ప తలుపులు తెరచినవారు లేరు. ప్రపంచమున ఒక్క షాంఘై రేవులో మాత్రము దిగుటకు వీసా అవసరము లేకుండెను. అచటికి పోవుటకు కావలసినది ఓడటిక్కెట్టు. దేశము విడచి పోవుదురను నిదర్శనము చూపినచో నిర్బంధ శిబిరములనుండి సైతము కొందరిని వదలుచుండిరి. అట్టివారికి టిక్కెట్టే విడుదల పత్రము.

జెనోవానుండియు ట్రియెస్టేనుండియు బయలుదేరిన ఓడ పోర్ట్ సయీద్, ఏడెన్, బొంబాయి, కొలంబో, సింగపూరు, హాంకాంగుల మీదుగా సుమారు నాలుగు వారములకు షాంఘై చేరును. కాందిశీకులు తమవెంట 10 మార్కులు మాత్రమే తీసికొనిపోవచ్చును. చౌకటిక్కెట్లు దొరకక కొందరు మొదటి తరగతి టిక్కెట్లు కొనిరి. అట్లు, చేత చిల్లిగవ్వ లేనివారు తెల్లని బల్లగుడ్డలు పరచిన భోజనశాలలలో నెలదినములు విందులారగించి, షాంఘైలో దిగి సామూహిక వసతిగృహములలో గిన్నె పట్టుకొని వరుసలో నిలువవలసి వచ్చెను. జర్మను, జపాను ఓడలలో వెళ్లినవారిని కూడ కలిపి షాంఘైలో తలదాచుకొన్న యూదులు 17,000కు తక్కువ గారు. వారిలో పెక్కుమందిని ఇటలీ ఓడలే చేర్చినవి.

ఇచట గమనింపవలసిన విషయ మొకటి కలదు. 1938 సెప్టెంబరు 18న ముస్సోలినీ యూదులపై జాతివివక్ష చట్టములను ప్రకటించుచు ఉపన్యసించినది ట్రియెస్టేలో. అందును లాయిడ్ భవనము ఎదుటి ప్రాంగణములోనే. ఏ ప్రభుత్వము యూదులను వెలివేసెనో ఆ ప్రభుత్వపు జెండా ఎగురవేసిన ఓడలే యూదులను గట్టుకు చేర్చుచుండెను. సంస్థ దీనిని ధర్మకార్యముగా తలపెట్టలేదు. టిక్కెట్లమ్మినది, రుసుము పుచ్చుకొన్నది. కాని సానుభూతి పలికిన దేశములు చేయలేని పని ఆ టిక్కెట్టు చేసినది. దాతృత్వమునకు పేరెట్టుదుమో, వ్యాపారమునకు పేరెట్టుదుమో గాని, బ్రతికి బయటపడిన కుటుంబములకు ఆ ఓడపేరు మరపురానిదయ్యెను.

ఓడల అంత్యదశ

1940 జూన్ 10న ఇటలీ యుద్ధమున దిగినది. ఆ దారి మూతపడినది. కాందిశీకులను మోసిన ‘కోంతె రోస్సో’ ఇప్పుడు సైనికులను మోయసాగినది. 1941 మే 24న సిసిలీ తీరమున బ్రిటిషు జలాంతర్గామి దానిని ముంచగా సుమారు 1,300 మంది జలసమాధియైరి. ‘విక్టోరియా’ 1942 జనవరిలో విమానముల దాడికి గురియై మునిగినది. ‘కోంతె వెర్దె’ షాంఘైలో చిక్కుకొనెను. 1943 సెప్టెంబరులో ఇటలీ లొంగిపోయిన వార్త వినగానే, ఓడ జపానువారి చేతికి చిక్కరాదని నావికులే దానిని నదిలో ముంచిరి. ‘కోంతె బియాంకమానో’ అమెరికా వశమై, యుద్ధము ముగిసిన పిదప ఇటలీకి తిరిగివచ్చి, 1960 వరకు సేవచేసెను. దానిని విప్పునపుడు తీసియుంచిన చాలకస్థానమును కొంత పైభాగమును మిలాను నగరపు విజ్ఞానశాస్త్ర ప్రదర్శనశాలలో నేటికిని చూడవచ్చును.

1951–53 నడుమ సంస్థ ఏడు క్రొత్త ఓడలు కట్టించినది. వానిలో ‘ఏషియా’, క్రొత్త ‘విక్టోరియా’ బొంబాయి మీదుగా తూర్పునకు తిరిగినవి. 1963లో వచ్చిన ‘గలిలియో గలిలీ’, ‘గుగ్లియెల్మో మార్కొనీ’ ఆస్ట్రేలియాకు వలసపోవు ఇటాలియనులను చేర్చినవి. కాని జెట్టు విమానము నాలుగు వారముల దారిని ఒక్క దినమునకు కుదించెను. 1967 మొదలు 1975 వరకు సూయజు కాలువ మూతపడియుండెను. 1973లో చమురు ధర పెరిగెను. ఆ దశాబ్ది ముగియకముందే ప్రయాణికుల ఓడలు నిలిచిపోయినవి. 1998లో తైవానుకు చెందిన ఎవర్‌గ్రీన్ వారు సంస్థను కొనిరి. 2006లో దానికి ‘ఇటాలియా మారిత్తిమా’ అను మూడవ పేరు వచ్చినది. ఇప్పుడది మోయునవి సరకుల పెట్టెలు.

చరిత్ర తరగతిలో రాజుల పేర్లు, యుద్ధముల తేదీలు నేర్పుదుము. ఒకనాడు గోడమీది పటమున ట్రియెస్టేనుండి షాంఘై వరకు ఒక గీత గీయించి, దారిలోని రేవులను విద్యార్థులచే వరుసగా చదివించిన బాగుండును. ఆ గీతలో బొంబాయి కూడ కనబడును. ఒక జాతినాయకుడు చెరసాలకు వచ్చినదియు, ఊరు పేరు లేని ఒక కుటుంబము చెరనుండి తప్పించుకొని పోయినదియు ఆ గీత మీదనే.