ఉప్పలపాటి గూడబాతులు

గుంటూరికి సమీపమున, ప్రత్తి మిరప చేల నడుమ, ఉప్పలపాడను గ్రామము కలదు. సోదరీమణులారా, అచ్చటి పక్షులను జూచుటకు అడవులు గాలింప నక్కఱలేదు. ఇండ్ల చెంతనున్న చెరువుగట్టుపై నడచిన చాలును. నీటి నడుమ సర్కారుతుమ్మలపై గూడబాతులును, ఎఱ్ఱకాళ్ల కొంగలును గూళ్లు కట్టుకొనును. కొమ్మలు చాలకపోగా కృత్రిమవృక్షములను గూడ నిలిపినారు.

ఇవి సైబీరియానుండి వచ్చునని పలువు రందురు. గూడబాతు విషయమున నది సరికాదు. దాని పుట్టినిల్లు మన దక్షిణాసియా చెరువులే. 1946లో నీలకంఠన్ గారు కొల్లేటి ప్రాంతమున నొక గూళ్లతావును కనుగొనిరి. నాడచట సుమారు 3,000 గూడబాతు లుండెను. 1975 నాటికి ఆ తావు పాడువడెను. కావున ఉప్పలపాటి చెరువు నేడు మిక్కిలి విలువైనది.

గూడబాతు పిల్ల తల్లి గొంతుసంచిలో తలదూర్చి చేపలు తినుట చూచినవారికి నవ్వాగదు. కాని నాకు కొంగయే ప్రియము. కల్లములలో మిరప యెండు దినములలో, మిట్టమధ్యాహ్నము, అది కదలక నిలిచి ఱెక్కలు చాచి పిల్లలకు నీడ పట్టును. నోట నీరు తెచ్చి వానికి త్రాపును. వెంట వచ్చిన మన పిల్లలు వేడుకకై చప్పట్లు చఱతురు. చఱవనీయకుడు. బెదరి తల్లి లేచినచో కాకి గ్రుడ్డు నెత్తుకొనిపోవును. ఈకలు రాని కూన యెండకు మాడిపోవును.