సర్వర్లకూ తూము, అలుగు ఉండాలి

జౌళికి పేరుమోసిన సూరత్‌లో చీరల టోకు దుకాణం మొదలు వీధి చివరి టీ బండి వరకు యూపీఐ చెల్లింపులు మామూలైపోయాయి. తరాల క్రితం తెలంగాణ నుంచి వెళ్లి లింబాయత్ వంటి ప్రాంతాల్లో స్థిరపడిన పద్మశాలి నేత కుటుంబాలకు సొంతూరికి డబ్బు పంపడానికి ఇదే సులువైన దారి. 2025 ఏప్రిల్ 12, శనివారం ఈ దారి దేశమంతటా కొన్ని గంటలపాటు చాలామందికి మూసుకుపోయింది. ఫోన్ తెరపై ‘ప్రాసెసింగ్’ అన్న మాట తప్ప మరేమీ కనిపించలేదు.

అంతకుముందు నెలలో యూపీఐ ద్వారా 1,830 కోట్ల లావాదేవీలు జరిగాయి. అంటే సగటున సెకనుకు దాదాపు 6,800. ఇంత బరువు రోజూ మోసే వ్యవస్థ ఆ రోజు ఎందుకు చతికిలబడింది? యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ పరిశీలించినప్పుడు ఆసక్తికరమైన కారణం బయటపడింది. చెల్లింపుల కంటే, ‘ఆ చెల్లింపు పూర్తయిందా?’ అని అడిగే అభ్యర్థనలే వ్యవస్థను ముంచెత్తాయి. కొన్ని బ్యాంకుల కంప్యూటర్లు పాత లావాదేవీల స్థితిని కూడా పదేపదే అడిగాయి.

ఆలస్యమే ఆలస్యాన్ని పెంచుతుంది

ప్రతి ప్రశ్నకూ సర్వర్ కొంత పని చేయాలి. ప్రశ్నలు పెరిగితే అసలు చెల్లింపులు నెమ్మదిస్తాయి. అవి నెమ్మదిస్తే మరిన్ని లావాదేవీలు మధ్యలో ఆగుతాయి. ఆగిన ప్రతిదాని గురించి మళ్లీ ప్రశ్నలు మొదలవుతాయి. వాడుకరులు కూడా కంగారుపడి మళ్లీ మళ్లీ నొక్కుతారు. ఈ విషవలయం ఒకసారి మొదలైతే, దాన్ని మొదలుపెట్టిన కారణం తొలగిపోయాక కూడా ఆగకపోవచ్చు.

ఇంటర్నెట్‌కు ఇది పాత అనుభవమే. 1986 అక్టోబరులో అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, పక్కనే ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికీ మధ్య డేటా వేగం సెకనుకు 32,000 బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. జవాబు రాని ప్రతి కంప్యూటరూ అదే సమాచారాన్ని తిరిగి పంపుతూ దారిని మరింత నింపింది. పంపేవారే దారి పరిస్థితిని గమనించి వేగం తగ్గించుకోవాలని వాన్ జాకబ్సన్ 1988లో పద్ధతులు రూపొందించారు. ఇంటర్నెట్ నేటికీ ఆ సూత్రం మీదే నడుస్తోంది.

తొంభై శాతం దాటితే

వరుసల గణితం 1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఎర్లాంగ్ టెలిఫోన్ కాల్స్‌పై చేసిన అధ్యయనంతో మొదలైంది. అది చెప్పే ఒక విషయం మన అంచనాకు అందదు. ఒక సర్వర్‌కు ఒక్కో పనికి సగటున ఒక సెకను పడుతుందనుకుందాం. పనులు ఒక క్రమం లేకుండా వస్తుంటాయి. సర్వర్ సామర్థ్యంలో సగమే వాడుతుంటే ఒక పని పూర్తయి బయటికి రావడానికి సగటున 2 సెకన్లు చాలు. 80 శాతం వాడకంలో 5 సెకన్లు, 90 శాతంలో 10 సెకన్లు పడుతుంది. 99 శాతానికి చేరితే 100 సెకన్లు! వచ్చే పనులు సామర్థ్యాన్ని దాటితే వరుసకు అంతే ఉండదు. అందుకే ‘ఇంకా పది శాతం ఖాళీ ఉంది కదా’ అన్న ధీమా పనికిరాదు.

చెరువు నేర్పే పాఠం

మన పల్లె చెరువుల్లో ఈ సమస్యకు పరిష్కారం ఎప్పటి నుంచో ఉంది. వాగు ఎంత జోరుగా వచ్చినా చెరువు దాన్ని పట్టి ఉంచుతుంది. తూము పొలాలకు కావలసినంతే వదులుతుంది. నిండిన తర్వాత వచ్చే నీరు అలుగు మీదుగా పోతుంది. అలుగు లేకపోతే కట్టకు గండి పడుతుంది.

సాఫ్ట్‌వేర్‌లో చెరువు స్థానంలో వరుస ఉంటుంది. సర్వర్ మోయగలిగిన వేగంతో వరుస నుంచి పనులను వదలడం తూము పని. మోయలేనప్పుడు కొత్త అభ్యర్థనకు ‘ఇప్పుడు కాదు, కాసేపాగి రండి’ అని వెంటనే చెప్పడం అలుగు పని. వెబ్‌సైట్లు అలాంటప్పుడు 503 అనే సంకేతాన్ని పంపుతాయి. అరగంట నిలబెట్టి విఫలమవడం కంటే తొలి క్షణంలోనే కాదనడం అందరికీ మేలు.

మరో ప్రసిద్ధ పద్ధతి టోకెన్ల బుట్ట. తిరుమల సర్వదర్శనానికి వెళ్లేవారికి టైమ్ స్లాట్ టోకెన్లు తెలిసినవే. కంప్యూటర్లలోనూ దాదాపు అంతే. బుట్టలో 100 టోకెన్లు పడతాయనీ, సెకనుకు 10 కొత్తవి చేరతాయనీ అనుకుందాం. ఒక్కో అభ్యర్థనకు ఒక టోకెన్ ఖర్చవుతుంది. నిండు బుట్ట ఉంటే ఒక్కసారిగా 100 అభ్యర్థనలు వచ్చినా లోపలికి వెళ్తాయి. ఆ తర్వాత సెకనుకు పదికి మించి వెళ్లలేవు. చిన్న ఉప్పెనను ఓర్చుకుంటూనే, అది ఎడతెగకుండా సాగడాన్ని ఈ పద్ధతి అడ్డుకుంటుంది.

వరుసను ఎంతైనా పొడిగించుకుంటే సరిపోదా? దీనికి సూరత్ చరిత్రలోనే జవాబుంది. నగరానికి ఎగువన తాపీ నదిపై 1972లో పూర్తయిన ఉకాయ్ జలాశయం ఉంది. 2006 ఆగస్టులో ఎగువన కుండపోత కురిసే నాటికే అందులో నీరు చాలావరకు నిండి ఉంది. వరదను పట్టి ఉంచే చోటు మిగలలేదు. చివరికి దాదాపు 9 లక్షల క్యూసెక్కుల వరకు నీరు వదలాల్సి వచ్చింది, నగరంలో అధిక భాగం మునిగింది. ముందే నిండిన జలాశయం వరదను ఆపలేదు. ఎప్పుడూ నిండుగా ఉండే వరుస కూడా అంతే, ఆలస్యాన్ని తప్ప రక్షణను ఇవ్వదు.

ఎవరిని ఆపాలి?

పరిమితి పెట్టడం ఇంజనీరింగ్ పని. అది ఎవరి మీద పడాలన్నది న్యాయానికి సంబంధించిన ప్రశ్న. 2021 ఏప్రిల్ 28న సాయంత్రం 4 గంటలకు 18 ఏళ్లు దాటినవారి టీకా నమోదు మొదలవగానే కోవిన్ తొలుత తడబడింది. ఆ తర్వాత దాని సమాచారాన్ని వాడుకునే ప్రోగ్రాములకు ఒక్కో ఇంటర్నెట్ చిరునామా నుంచి 5 నిమిషాలకు 100 అభ్యర్థనల హద్దు పెట్టారు. సెకనుకోసారి అడిగే ప్రోగ్రాములను ఇది కట్టడి చేస్తుంది. కానీ మొబైల్ నెట్‌వర్కుల్లో ఎన్నో ఫోన్లు ఒకే చిరునామాను పంచుకుంటాయి. అప్పుడు ఒకరి అత్యాశ పక్కవారి వంతునూ తినేస్తుంది.

ఎన్‌పీసీఐ 2025 ఆగస్టు 1 నుంచి పెట్టిన నిబంధనల్లో ప్రాధాన్య క్రమం కనిపిస్తుంది. ఒక్కో యాప్‌లో ఖాతా నిల్వను రోజుకు 50 సార్లే చూడవచ్చు. మొబైల్ నంబరుకు జతైన ఖాతాల జాబితాను 25 సార్లే తెప్పించుకోవచ్చు. నెలవారీ ఆటోపే వసూళ్లను రద్దీ వేళల్లో, అంటే ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 1 వరకు, సాయంత్రం 5 నుంచి రాత్రి 9.30 వరకు చేయకూడదు. స్థితి ప్రశ్నలకూ హద్దు ఉంది. నిల్వ చూడటం కాసేపు ఆగగలదు, దుకాణం ముందు నిలబడి చేసే చెల్లింపు ఆగలేదు. అందుకే దారి ముందు దానికే.

వాడుకరి చేతిలోనూ కొంత ఉంది. చెల్లింపు మధ్యలో ఆగితే వెంటనే మళ్లీ నొక్కకుండా కొద్దిసేపు ఆగడం మంచిది, ఒకే మొత్తం రెండుసార్లు వెళ్లే ప్రమాదమూ తప్పుతుంది. యాప్‌లు తయారు చేసేవారు ప్రతి విఫల యత్నం తర్వాత విరామాన్ని రెట్టింపు చేయాలి, దానికి కొంత యాదృచ్ఛికతను కలపాలి. లేకపోతే లక్షల ఫోన్లు ఒకే క్షణాన ఆగి, ఒకే క్షణాన మళ్లీ తలుపు తడతాయి. అప్పుడు ఎంత పెద్ద తలుపైనా చాలదు.