రావణాసురుని మీసాలు: ఇసుకదిబ్బ గడ్డి నిర్మాణం, ఆవాసం

1. ప్రవేశిక:
ఆంధ్రప్రదేశ్ తీరంలోని ఇసుకదిబ్బలపై పెరిగే ‘స్పినిఫెక్స్ లిట్టోరియస్’ అనే గడ్డిని తెలుగులో ‘రావణాసురుని మీసాలు’ అంటారు. వరి, గోధుమల వలె ఇది కూడా పోయేసీ కుటుంబానికి చెందిన బహువార్షిక మొక్క. ఐరోపా తీరాలలో సముద్రగోధుమగడ్డి (థైనోపైరమ్ జన్సియఫార్మె) ఇసుకను నిలిపి దిబ్బకు నాంది పలుకుతుంది. తెలుగుతీరంలో ఆ పని ఈ గడ్డిది.

2. నిర్మాణం:
దీని పాకుడుకాండాలు ఇసుకపై దూరంగా సాగి, కణుపుల వద్ద వేళ్లూనుతాయి. ఆకులు బిరుసుగా, లోపలికి చుట్టుకొని, సూదిమొనలతో ఉంటాయి. ఈ చుట్టు వల్ల నీటినష్టం తగ్గుతుంది. పేరులోని ‘మీసం’ ఆ బిరుసుదనాన్నే స్ఫురింపజేస్తుంది. ఆడ, మగ పూలు వేర్వేరు మొక్కలపై పూస్తాయి. ఆడమొక్క పుష్పగుచ్ఛం ముళ్లబంతిని పోలి ఉంటుంది. అది పండిన తరువాత విడివడి, గాలికి దొర్లుతూ గింజలను వెదజల్లుతుంది.

3. ఆవాసం:
అలలకు ఎగువనున్న తొలిదిబ్బ దీని నెలవు. ఉప్పుతుంపర, తీవ్రమైన ఎండ, పోషకాల కొరత, కదిలే ఇసుక అక్కడి పరిస్థితులు. ఆకుల మధ్య గాలివేగం తగ్గి ఇసుక నిలుస్తుంది. కప్పిన ఇసుకలోనుండి కొత్త పిలకలు పైకి వస్తాయి. ఈ క్రమం పునరావృతమవుతూ దిబ్బ ఎత్తు పెరుగుతుంది. అందువల్ల ఈ గడ్డిని దిబ్బకు నిర్మాతగా పరిగణించవలసి ఉంటుంది.

4. ముగింపు:
కోస్తా నియంత్రణ మండలానికి సంబంధించిన 2019 నాటి కేంద్రప్రభుత్వ ప్రకటన ఇసుకదిబ్బలను జీవావరణపరంగా సున్నితమైనవిగా గుర్తించింది. గడ్డిని తొలగిస్తే ఇసుకకు పట్టు పోతుంది. ఉప్పెనవేళ దిబ్బ వెనుకనున్న పల్లెలకు, పొలాలకు రక్షణ తగ్గుతుంది. కనుక దిబ్బను కాపాడటమంటే ఈ గడ్డిని కాపాడటమే.